తెర దిగాక బడిలో మిగిలేది

ఏటా మార్చి ప్రాంతంలో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగరంలో బడిపిల్లల పండుగ ఒకటి జరుగుతుంది. దాని పేరు పాలీఫెస్ట్. 1976లో ఓటారా అనే పేటలో, హిల్లరీ కాలేజీ అనే హైస్కూలు ఆవరణలో, నాలుగే నాలుగు బళ్లతో మొదలైంది. ఇప్పుడు వేలమంది పిల్లలు పాల్గొంటున్నారు. మావోరీ, సమోవా, టోంగా, కుక్ దీవులు, నియూయే ప్రజలకు వేరువేరు వేదికలుంటాయి. వాటి పక్కనే తక్కిన జాతుల పిల్లల కోసం మరో వేదిక ఉంటుంది. మన భారతీయ కుటుంబాల పిల్లలు ఆడేది దాని మీదే. పసిఫిక్ దీవుల నాట్యాల పండుగకు ఒక చిన్న బడి పిల్లలు తయారై వెళ్లారంటే మనందరికీ ముచ్చటేస్తుంది, ఫొటోలు తీస్తాం, చప్పట్లు కొడతాం. అయితే అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది. తమది కాని నాట్యాన్ని పిల్లలు ఆడినప్పుడు వాళ్లకు దక్కేదేమిటి, ఆ నాట్యం ఎవరిదో వాళ్లకు దక్కేదేమిటి? ఈ ప్రశ్న మన దేశానికి కొత్తది కాదు. వందేళ్ల కిందట కలకత్తా రంగస్థలాల మీద ఒక చిన్న బడి దీన్ని ఎదుర్కొంది. ఆ అనుభవాన్ని దగ్గరగా చూస్తే నాకొక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లల ప్రదర్శన మంచిదా కాదా అన్నది వేదిక మీద తేలదు. ఆ నాట్యం నేర్పినవాడు ఎవరు, ఎంతకాలం బడిలో ఉన్నాడు, తెర దిగాక ఆ జనానికి సంబంధించి బడిలో ఏం మిగిలింది అన్న మూడు సంగతుల మీద తేలుతుంది.

ఆ బడి శాంతినికేతన్. 1901 డిసెంబరులో రవీంద్రనాథ్ ఠాకూర్ బీర్‌భూమ్ జిల్లా ఎర్రమట్టి నేల మీద దాన్ని తెరిచినప్పుడు విద్యార్థులు ఐదుగురు. అందులో ఒకడు ఆయన కొడుకే. ఏడేళ్లకు, 1908లో, పిల్లలు ఆడటానికని ఆయన ‘శారదోత్సవ్’ రాశారు. శరదృతువు సెలవుల ముందు ఆడుకునే నాటకం అది. అప్పటికి అంతా ఇంటి వ్యవహారమే. 1916 జనవరిలో లెక్క మారింది. బాంకురా ప్రాంతాన్ని కరువు పట్టి పీడిస్తుంటే, సాయం పోగుచేయడానికి ‘ఫాల్గుణి’ నాటకాన్ని కలకత్తా జొరాసాంకోలోని ఠాకూర్ల ఇంట ఆడారు. రవీంద్రులు కూడా వేషం కట్టారు. అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్ లాంటి చిత్రకారులు రంగస్థలాన్ని తీర్చారు. అప్పటి కలకత్తా నాటకశాలలు చిత్రించిన పరదాలతో, మహళ్ల బొమ్మలతో, దీపాల ఆర్భాటంతో నడిచేవి. పల్లె నుంచి వచ్చిన ఈ పిల్లలకు అవేవీ లేవు. నీలిరంగు వెనకతెర, కొన్ని కొమ్మలు, ఆకులు, పూలు, వీటితోనే వసంతాన్ని చూపించారు. నగరం చూసి మురిసింది. 1917 చివర అదే ఇంట్లో ‘డాక్‌ఘర్’ ఆడినప్పుడు, కాంగ్రెసు మహాసభకు వచ్చిన గాంధీ, తిలక్, అనీబిసెంట్ ప్రేక్షకుల్లో ఉన్నారు. జబ్బుపడిన అమల్ పాత్రను ఆశ్రమ విద్యార్థే పోషించాడు. ఊరి బడి నగరానికి వచ్చి పరీక్ష ఇవ్వలేదు. నగరమే తన అభిరుచిని సరిచూసుకోవాల్సి వచ్చింది.

ఇంతవరకు వాళ్లు ఆడింది బెంగాలీ నాటకం. అసలు ప్రశ్న 1919లో మొదలైంది. ఆ నవంబరులో సిల్హెట్ వెళ్లిన రవీంద్రులు మాఛిమ్‌పూర్ అనే మణిపురీల ఊళ్లో అక్కడి పిల్లల నాట్యం చూశారు. చూసి ఆనందించి తిరిగొచ్చి, తన బడిపిల్లల చేత దాన్ని నాలుగు వారాల్లో వేయించి ఉండవచ్చు. ఆయన అలా చేయలేదు. త్రిపుర రాజును అడిగి బుద్ధిమంత సింగ్ అనే మణిపురీ గురువును శాంతినికేతన్ రప్పించారు. భద్రలోకం అనిపించుకునే పై తరగతి బెంగాలీలు నాట్యమంటేనే ముఖం చిట్లించే రోజులవి. బడిలో నాట్యం నేర్పుతున్నారంటే తల్లిదండ్రులు పిల్లల్ని వెనక్కి తీసుకుపోయే ప్రమాదం ఉంది. అందుకని మొదట మగపిల్లలకు, మృదంగం లయకు చేసే వ్యాయామంలాగా మొదలుపెట్టారు. ఆ ప్రయత్నం ఎక్కువ కాలం సాగలేదు. కొన్నేళ్లకు నవకుమార్ సింగ్ అనే మరో గురువు వచ్చాకే ఆడపిల్లలకు పద్ధతిగా నేర్పడం కుదిరింది. 1919లో చూసిన నాట్యం, ఆ బడి పిల్లల ఒంట్లో ఇంకి కలకత్తా వేదిక ఎక్కడానికి 1927 దాకా పట్టింది. ఏడేళ్లకు పైబడిన ఆ వ్యవధే ఈ కథలో అన్నిటికంటే విలువైన సాక్ష్యమని నా నమ్మకం. మన బళ్లలో వార్షికోత్సవాల కోసం పక్క రాష్ట్రం నాట్యాన్ని నేర్పడానికి ఇచ్చే గడువుతో దీన్ని పోల్చి చూడండి.

1927 జనవరిలో జొరాసాంకోలో ఆడింది ‘నటీర్ పూజ’. అంతకుముందు ఏడాది రవీంద్రుల పుట్టినరోజుకు శాంతినికేతన్‌లో ఆడిందే. కథ అజాతశత్రువు కాలానిది. బౌద్ధ పూజను రాజు నిషేధిస్తే, శ్రీమతి అనే రాజనర్తకి స్తూపం ముందు నాట్యాన్నే పూజగా అర్పించి ప్రాణాలిస్తుంది. ఆ పాత్ర వేసింది చిత్రకారుడు నందలాల్ బోస్ కూతురు గౌరి. మంచి కుటుంబం పిల్ల, పెళ్లీడు పిల్ల, నలుగురి ఎదుట నాట్యం చేయడం కలకత్తా ఎరగనిది. వినవచ్చే నిందల్ని రవీంద్రులు ముందే ఊహించారు. శాంతినికేతన్‌లో అన్నీ ఆడపాత్రలతో నడిచిన నాటకంలో ఉపాలి అనే భిక్షువు పాత్రను చేర్చి తామే వేశారు. దేశమంతా చేతులెత్తి మొక్కే ముసలి కవి పక్కన కూర్చుంటే రాళ్లు వేసే ధైర్యం ఎవరికుంటుంది? పిల్లల్ని వేదిక ఎక్కించే పెద్దలు ఏం చేయాలో దీనికంటే బాగా చెప్పలేం. నిందను తన మీదికి తీసుకోగల పెద్దమనిషి పిల్లల పక్కన నిలబడాలి. ఐదేళ్ల తరవాత న్యూ థియేటర్స్ వాళ్లు ఈ నాటకాన్ని సినిమాగా తీశారు. 1932లో విడుదలైంది. ఆ సరికి బెంగాలీ ఇళ్లలో ఆడపిల్లకు నాట్యం నేర్పడం నేరంగా కనిపించడం తగ్గుతోంది. ఒక పిల్ల నేర్చుకున్న మణిపురీ అడుగు, మణిపురీలతో ఏ సంబంధం లేని వేల ఇళ్ల తలుపులు తెరిచింది.

పసిఫిక్ వైపు చూపు మళ్లింది కూడా ‘నటీర్ పూజ’ కలకత్తాలో ఆడిన ఏడాదే. 1927లో రవీంద్రులు సునీతికుమార్ ఛటర్జీ, సురేంద్రనాథ్ కర్, ధీరేంద్రకృష్ణ దేవవర్మలను వెంటబెట్టుకొని మలయా, జావా, బాలీ, సియాం తిరిగారు. జావా, బాలీ ప్రజల భాషలూ, సమోవా, టోంగా, హవాయి ప్రజల భాషలూ ఒకే మూలం నుంచి చీలినవి. సముద్రాన్ని దారిగా చేసుకొని దీవి నుంచి దీవికి పోయినవాళ్ల వారసులే వీళ్లంతా. అందుకే కలకత్తా వేదికకూ ఆక్లండ్ పండుగకూ మధ్య నేను చూస్తున్న చుట్టరికం మరీ దూరంది కాదు. జావా ఆస్థానాల్లో గౌరవమైన కుటుంబాల పిల్లలు నాట్యం నేర్చుకోవడం, మాటలు లేకుండా కథంతా ఒంటితో చెప్పడం రవీంద్రుల్ని కదిలించింది. యోగ్యకర్తాలో కి హజర్ దేవాంతర 1922లో పెట్టిన తమన్ శిశ్వ బడిని కూడా ఆయన చూశారు. డచ్చి పాలనలో ఉన్న పిల్లలకు సొంత సంగీతాన్నీ నాట్యాన్నీ చదువులో భాగంగా నేర్పిన బడి అది. తిరిగొచ్చేటప్పుడు వీళ్లు తెచ్చింది వేషాల మూటలు కావు. బాతిక్ అద్దకం శాంతినికేతన్‌లో చేతిపనిగా పాతుకుపోయింది. ఆ తరవాతి దశకంలో రుస్లీ అనే ఇండోనేసియా చిత్రకారుడు వచ్చి ఏళ్ల తరబడి అక్కడ చదువుకున్నాడు. శాంతిదేవ్ ఘోష్ సింహళం, జావా, బాలీ వెళ్లి అక్కడి నాట్యాలు నేర్చుకొచ్చారు. రాకపోకలు రెండు వైపులా ఉన్నాయి. 1931 ‘శాపమోచన్’లో, 1936 ‘చిత్రాంగద’లో మనకు కనిపించే నృత్యనాటక రూపం ఈ రాకపోకల్లోంచి వచ్చింది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. మణిపురీ రాసం వైష్ణవుల ఆరాధన, మండపంలో భక్తితో చేసేది. దాన్ని అక్కణ్నుంచి ఎత్తి తన పాటలకు అమర్చుకోవడానికి కవికి హక్కెక్కడిది? మణిపురీ, కథాకళి, సింహళపు కాండీ నాట్యం, జావా అడుగులు అన్నీ కలిపితే చివరికి ఏ ఒక్కటీ నిజంగా మిగలదు కదా? ఈ మాటలో న్యాయముంది. రవీంద్ర నృత్యమనే పేరు దేశమంతా పాకింది, బుద్ధిమంత సింగ్, నవకుమార్ సింగ్ అనే పేర్లు ఎంతమందికి తెలుసు? నేర్పినవాడి పేరు నేర్పించినవాడి పేరు కింద మునిగిపోవడం ఆ బడి చేసిన తప్పుగానే లెక్కకట్టాలి. కలిపి కట్టిన నాట్యం శాస్త్రం తెలిసినవాళ్లకు పలుచగా కనిపించిన మాటా నిజమే. కానీ ఈ విమర్శను చివరిదాకా తీసుకుపోయి, ఎవరి కళను వాళ్లే చేయాలి, పరాయి పిల్లలు ముట్టుకోకూడదు అనేవాళ్లతో నేను ఏకీభవించలేను. 1919లో రవీంద్రులు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఉన్నప్పుడు, 1911లో కలకత్తా కాంగ్రెసులో పాడిన ‘జనగణమన’ను అక్కడి తెలుగు విద్యార్థులు నేర్చుకున్నారు, మార్గరెట్ కజిన్స్ స్వరం రాసిపెట్టారు, కళాశాల దాన్ని ప్రార్థనాగీతం చేసుకుంది. 1950లో రాజ్యాంగసభ జాతీయగీతమని ప్రకటించడానికి మూడు దశాబ్దాల ముందే రాయలసీమ పిల్లలు ఒక బెంగాలీ పాటను తమదిగా పాడారు. పిఠాపురం ఆస్థాన విద్వాంసుడు తుమరాడ సంగమేశ్వరశాస్త్రి కవి పిలుపు మీద శాంతినికేతన్ వెళ్లి వీణ నేర్పారు. ఇవి దొంగతనాలు కావు, ఇచ్చిపుచ్చుకోవడాలు.

అన్నిటికీ మించిన ఉదాహరణ వార్సాది. 1942 జులై 18న, నాజీలు గోడ కట్టి యూదుల్ని బంధించిన అక్కడి పేటలో, యానుష్ కోర్చాక్ అనే వైద్యుడు నడిపిన అనాథాశ్రమం పిల్లలు ‘డాక్‌ఘర్’ ఆడారు. గదిలోంచి కదలలేని అమల్, రాజు నుంచి ఉత్తరం వస్తుందని ఎదురుచూసే అమల్, ఆ పిల్లలకు పరాయివాడు కాలేదు. చావును శాంతంగా అంగీకరించడం పిల్లలకు తెలియాలని కోర్చాక్ ఆ నాటకాన్ని ఎంచుకున్నాడని చెబుతారు. మూడు వారాలు గడవకముందే ఆయన్నీ, సుమారు రెండు వందల మంది పిల్లల్నీ ట్రెబ్లింకా మరణశిబిరానికి తరలించారు. బెంగాల్‌తో ఆ పిల్లలకు రక్తసంబంధం లేదు, వాళ్లకు ఆ నాటకం మీద హక్కు లేదని అనగలిగేవాడెవడు? హక్కు పుట్టుకతో కాక అవసరంతో, శ్రద్ధతో వచ్చే సందర్భాలు ఉంటాయి. అయితే కోర్చాక్ ఆ పిల్లలతో ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద బతికిన మనిషి. నాటకం వేయించడానికి బయటి నుంచి వచ్చినవాడు కాదు.

పసిఫిక్ దీవుల వాళ్లకు ఈ వ్యవహారం ఇంకో రకంగా కనిపిస్తుంది. వాళ్ల పాటనూ మాటనూ నొక్కేసిన చోట్లలో బడి ఒకటి. న్యూజిలాండ్‌లో 1867 చట్టంతో మావోరీ పిల్లల బళ్లు ఇంగ్లిషు బాట పట్టాయి, మావోరీ మాట్లాడిన పిల్లల్ని దండించారు. హవాయిలో క్రైస్తవం స్వీకరించిన రాణి కాహుమాను 1830లో అక్కడి హులా నాట్యాన్ని నిషేధించింది. రాజు కలకావా 1880లలో తన పట్టాభిషేకం వేడుకల్లో దాన్ని మళ్లీ బహిరంగంగా ఆడించాడు. హవాయి పిల్లల కోసమే పెట్టిన కమెహమెహ బళ్లలో కూడా 1960ల దాకా నిలబడి హులా చేయడం కుదిరేది కాదు. దీన్ని మనం అర్థం చేసుకోలేమా? దేవదాసీ నిషేధం పేరుతో కళావంతుల నాట్యాన్ని అవమానించి, అదే నాట్యాన్ని కొత్త పేర్లతో కొత్త కులాల పిల్లలకు నేర్పుకున్న చరిత్ర మనదే. 1976లో ఓటారాలో నాలుగు బళ్లు కలిసి పండుగ చేశాయంటే, పోగొట్టిన చోటనే తిరిగి సంపాదించుకోవడం మొదలైందన్నమాట. ఆరేళ్లకు, 1982లో, పసిపిల్లలకు మావోరీలోనే అన్నీ నేర్పే భాషాగూళ్లు వెలిశాయి. 1987లో మావోరీ అధికార భాష అయింది. పండుగ వల్లే ఇవన్నీ వచ్చాయని నేననను. ఆ పండుగ ఒంటరిగా లేదు, దాని వెనక భాష ఉంది, ఇల్లుంది, తాతామామ్మలున్నారు అంటాను. అలాంటి పండుగకు వెళ్లే పరాయి పిల్లలు ఈ చరిత్ర తెలియకుండా గడ్డి లంగా కట్టుకొని నడుము తిప్పితే, గాయం మీద రంగు పూసినట్టే.

ఇక చదువు పాడవుతుందన్న అభ్యంతరం. తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినిపించేది ఇదే, కొట్టిపారేయలేం. వారాల తరబడి తరగతులు మానేసి ఒక పది నిమిషాల ఆటకు పిల్లల్ని తోమడం నిజంగానే నష్టం. శాంతినికేతన్‌లో జరిగింది వేరు. రిహార్సళ్లు తలుపులు మూసి చేయలేదు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. నాటకంలో లేని పిల్లలకు కూడా పాటలన్నీ నోటికొచ్చేవని అక్కడ చదివినవాళ్లు రాసుకున్నారు. నాటకాలు ఋతువుల మీద రాసినవి, ఆ ఋతువు కిటికీ అవతలే ఉంది. 1921లో జొరాసాంకోలో వర్షామంగళ్ అనే వానల వేడుక చేసినప్పుడు, కలకత్తా విన్నది ఆ పిల్లలు బడిలో వానను చూస్తూ పాడుకునే పాటలే. వేదిక కోసం కొత్తగా తయారు చేసింది తక్కువ, ఉన్నదాంట్లోంచి పంచింది ఎక్కువ. చిన్న బడికి ఉన్న లాభం కూడా ఇదే. వెయ్యిమంది ఉన్న బడిలో ఇరవైమంది ఆడితే తక్కినవాళ్లు చూస్తారు. అరవైమంది ఉన్న బడిలో ఆడనివాడు వాయిస్తాడు, వాయించనివాడు అద్దకం వేస్తాడు, ఏదీ చేయనివాడికి కూడా పాట వస్తుంది.

డబ్బు సంగతి దాచకూడదు. 1936 మార్చిలో కలకత్తా న్యూ ఎంపైర్ థియేటరులో ‘చిత్రాంగద’ ఆడి, రవీంద్రులు విద్యార్థుల బృందాన్ని తీసుకొని ఉత్తరాదికి బయల్దేరారు. ఆయనకప్పుడు డెబ్భై నాలుగేళ్లు, ఆరోగ్యం బాగాలేదు. ఊరూరా ఆడి, విశ్వభారతిగా ఎదిగిన తన బడికి నిధులు సేకరించాలన్నది ఉద్దేశం. ఢిల్లీలో ఈ సంగతి తెలిసిన గాంధీజీ బాధపడి, పూనుకొని 60,000 రూపాయలు ఏర్పాటు చేసి, ఇక తిరగవద్దని కవిని కోరారు. 1916లో బాంకురా ఆకలి కోసం పిల్లలు ఆడారు, 1936లో బడి బతకడం కోసం ఆడారు. మొదటిదాన్లో పిల్లలు దాతలు, రెండోదాన్లో ఎంత గౌరవంగా చెప్పినా అర్థులు. గాంధీజీ బాధ న్యాయమైనదే అనుకుంటాను. పరాయి జాతి పండుగకు పిల్లల్ని పంపుతూ, ఆ ఫొటోల్ని అడ్మిషన్ల కరపత్రం మీద అచ్చేసే బళ్లు మనకిప్పుడు కొల్లలు. 1936 బృందంలో ఎక్కువమంది ఎదిగిన విద్యార్థులు, తాము ఎందుకు ఆడుతున్నారో తెలిసినవాళ్లు. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ తెలివిడి ఉండదు.

రవీంద్రుడున్నాడు గనక, జొరాసాంకో ఉంది గనక అది చెల్లింది, మామూలు బడికి ఇవన్నీ సాధ్యమా అనేవాళ్లున్నారు. ఆకులు, కొమ్మలు, నీలిగుడ్డ ఏ బడికైనా దొరుకుతాయి. ఖర్చంతా గురువు దగ్గర ఉంది, ఆ ఖర్చుకే మనం వెనకాడుతున్నాం. 2015లో కేంద్రం ప్రకటించిన ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ కింద ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్, తెలంగాణకు హర్యానా జోడీ రాష్ట్రాలయ్యాయి. ఆలోచన మంచిదే. కానీ యూట్యూబు చూసి నేర్చిన భాంగ్రాతో పంజాబ్ మన పిల్లలకు దగ్గరవదు. అంతదాకా ఎందుకు, అరకు లోయ థింసాను విశాఖ బళ్లు, ఆదిలాబాద్ గుస్సాడీని హైదరాబాదు బళ్లు అద్దె దుస్తుల్లో ఆడిస్తూనే ఉన్నాయి. గుస్సాడీ దీపావళి రోజుల్లో దండారి పండుగ వేళ రాజ్‌గోండులు దీక్షతో చేసేది. దాన్ని జీవితమంతా నేర్పిన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది, ఆయన 2024లో కన్నుమూశారు. 1940లలో మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ గోండు పిల్లలకు గోండీలో చదువు చెప్పే ప్రయత్నం మొదలుపెట్టింది కూడా అదే మార్లవాయిలో. హైదరాబాదులో గుస్సాడీ ఆడించిన బళ్లలో ఎన్ని ఆ ఊరి మనిషి ఒకర్ని ఒక్క టర్ము పాటు జీతమిచ్చి పిలిచాయి?

కాబట్టి పసిఫిక్ దీవుల పండుగకైనా, పక్క జిల్లా జాతరకైనా పిల్లల్ని తయారుచేసే బడి వార్షిక ప్రణాళికలో మొదట రాసుకోవాల్సింది ప్రదర్శన తేదీ కాదు, గురువు వచ్చే తేదీ. ఆయనకిచ్చే రుసుము అక్కడే రాయాలి, కార్యక్రమ పత్రంలో ఆయన పేరు బడి పేరు కంటే పైన ఉండాలి. పిల్లలు ఆ జనం భాషలో కనీసం పలకరింపులు, పాట అర్థం, ఆ నాట్యం ఎప్పుడు చేస్తారో ఎప్పుడు చేయరో నేర్చుకోవాలి. ఇది వేదిక మీద చేసేది కాదని ఆ ఊరి పెద్దలు అంటే, బడి వెంటనే మానుకొని, వాళ్లు నేర్పడానికి ఇష్టపడిన ఇంకో పాటతో వెళ్లాలి. ఆ ఏడాది ప్రదర్శనకు ఏదీ సిద్ధం కాకపోతే వచ్చే ఏడాది వెళ్లాలి. కలకత్తా వేదిక ఎక్కడానికి శాంతినికేతన్‌కు ఏడేళ్లు పట్టింది.